లోపటి బిళ్ళలు

పట్టపగలు మేడ్చల్ హైవే మీద నంబర్ ప్లేటు లేని లారీ ఒకటి కోడిగుడ్ల వ్యాన్‌ను పక్కనుంచి గుద్దింది. ఒక్క క్షణం ఆగింది. లారీ డ్రైవర్ తల బయటపెట్టి, పని అయిందా లేదా అని చూసుకుని వెళ్ళిపోయాడు.

వ్యాన్ పల్టీ కొట్టింది. తారు రోడ్డు మీద పచ్చసొన పారింది. మే నెల ఎండకు దాని అంచులు ఉడకడం కూడా మొదలైంది. జనం పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వంగి, పగలని గుడ్లు ఏరి హెల్మెట్లలో, తువ్వాళ్ళలో, లంచ్ బ్యాగుల్లో వేసుకున్నారు. స్టీరింగ్‌కీ సీటుకీ మధ్య నలిగిన మనిషి చెయ్యి చాచి ఏదో అడుగుతుంటే, ఒక పెద్దమనిషి ఆ చేతిని దాటుకుని మరీ ట్రే ఒకటి లాక్కుపోయాడు. మన జనం ఇంతే. చూస్తే ఒళ్ళు మండుతుంది.

చనిపోయినవాడి పేరు దేవేందర్. సూరారం మనిషి. గుడ్ల వ్యాన్ నడపడం అతని ఉద్యోగం. చూసినవీ విన్నవీ గవర్నమెంటుకు చేరవేయడం రెండో ఉద్యోగం. ఆ రెండో ఉద్యోగానికి సంబంధించిన ఫోన్ కాల్ మాట్లాడుతుండగానే లారీ వచ్చి గుద్దింది.

సుచిత్ర సర్కిల్‌లో, చెప్పుల షాపు మీద, 'ట్యాలీ, ఫొటోషాప్ నేర్పబడును' అని బోర్డు ఉంటుంది. అక్కడ ఎవరూ ఏనాడూ ట్యాలీ నేర్చుకోలేదు. లోపలి గదిలో పేరు చెప్పుకోని ఇంటెలిజెన్స్ బ్రాంచ్ ఒకటి పనిచేస్తుంది. చీఫ్ శేషారత్నం భీమవరం ఆవిడ, యాభై దాటాయి. కింద చెప్పుల షాపువాడికి మాత్రం ప్రిన్సిపాల్ మేడమ్.

ఆవిడ టేప్ ఆన్ చేసింది. ఎదురుగా ఏజెంట్ భానుతేజ. పక్కన టెక్నికల్ సెక్షన్ వెంకటేశ్వరరావు.

"అచ్చే నెల మొదటి శుక్రారం బిళ్ళలు దీస్తరు సార్," అంది దేవేందర్ గొంతు. వెనక ఇంజన్ మోత. "పైనయే గాదు, లోపటియి గూడ అన్నీ దీస్తరట. గా తెల్లోడు అచ్చిండు. నాకు మస్తు భయమైతాంది. జెర జల్దీ రార్రి సార్, మా..."

తర్వాత పెద్ద చప్పుడు. శేషారత్నం టేప్ ఆపింది.

"బిళ్ళలంటే ట్యాబ్లెట్లు," అన్నాడు వెంకటేశ్వరరావు. "పైనవి అంటే గోడౌన్‌లో కనబడే స్టాకు. లోపలివి అంటే అండర్‌గ్రౌండ్‌లో దాచినవి. దొంగ మందులు మేడమ్. క్లియర్."

క్లియరే అనుకున్నారు అందరూ. ఆ గదిలో ఉన్న ముగ్గురి ఇళ్ళల్లోనూ చిన్నప్పటి నుంచి జ్వరానికి బిళ్ళలే వేసుకున్నారు మరి. రాజమండ్రి నుంచి వచ్చి సుచిత్ర కాలనీలో పదేళ్ళుగా ఉంటున్న భానుతేజకు కూడా వేరే అనుమానం రాలేదు. మిషన్‌కి 'ఆపరేషన్ మాత్ర' అని పేరు పెట్టారు.

"టార్గెట్?" అన్నాడు భానుతేజ.

"తోటమాలి."

అది ఒక విదేశీ ముఠాకి బ్రాంచ్ పెట్టుకున్న పేరు. వైద్య రహస్యాలు దొంగిలించి అమ్ముకోవడం వాళ్ళ వ్యాపారం. లీడర్ పేరు హాల్‌బెక్. షామీర్‌పేటలో 'ఆర్బెక్ బయో' అని అద్దాల బిల్డింగ్ కట్టుకున్నాడు. చుట్టుపక్కల బస్తీల్లో ఉచిత వైద్య శిబిరాలు పెడతాడు. నవ్వుతూ ఫొటోలు దిగుతాడు.

"లోపల మన మనిషి ఉంది," అంది శేషారత్నం. "శ్రీలేఖ. ఏడాదిగా అక్కడే డాక్టరుగా చేస్తోంది. రేపు గండిమైసమ్మ దగ్గర క్యాంపు. పేషెంటుగా వెళ్ళి కలువు. కోడ్, 'చెరువులో చేపలు పడుతున్నాయా?' జవాబు, 'వలకి చిల్లుంది.'"

వెంకటేశ్వరరావు గర్వంగా ఒక డబ్బా తెరిచాడు. దూది మీద గోధుమరంగు గడ్డ ఒకటి కూర్చుని ఉంది.

"మెడకి అంటించుకో. లోపల మైక్, ట్రాన్స్‌మిటర్. స్కిన్ కలర్ మ్యాచ్ చేశాను. చూడు, రెండు వెంట్రుకలు కూడా నాటాను."

"ఎవరివి?" అన్నాడు భానుతేజ.

వెంకటేశ్వరరావు చొక్కా కాలర్ పైకి లాక్కున్నాడు. భానుతేజ ఆ వెంట్రుకల వంక ఇంకోసారి చూశాడు. అయినా మెడ చాచాడు.

గండిమైసమ్మ చౌరస్తాలో షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. చెమట, డెటాల్, పక్కన మిర్చి బజ్జీల నూనె, అన్నీ కలిసిన వాసన. మైకులో ఎవడో హాల్‌బెక్ దొరగారి దయాగుణాన్ని పొగుడుతున్నాడు. మాసిన లుంగీలో, మెడ మీద గడ్డతో క్యూలో నిలబడ్డ భానుతేజకు దయ అన్న మాట మీదే అసహ్యం పుట్టింది.

శ్రీలేఖ తెల్లకోటులో కూడా సినిమా పోస్టర్‌లా ఉంది. నల్ల కళ్ళద్దాలు జుట్టులోకి నెట్టుకుంది. ఆమె సెంటు వాసన షామియానాలోని మిగతా వాసనలన్నిటినీ తొక్కేసింది.

"చెరువులో చేపలు పడుతున్నాయా మేడమ్?"

"వలకి చిల్లుంది." ఆమె వేళ్ళు అతని గడ్డను తడిమాయి. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "ఎవరు చేశారిది? ఇంత గట్టిగా ఉంటుందా? లింఫ్ గ్రంథి క్యాన్సర్ అయితే రబ్బరులా మెత్తగా సాగుతుంది. ఇది తలుపు గడియలా ఉంది."

"మీకు బాగా తెలుసే."

"నా సబ్జెక్టే అది." ఆమె కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "హాడ్జ్‌కిన్ అని ఒక రకం ఉంది. గడ్డంతా క్యాన్సరే అనుకుంటాం కదా? కాదు. క్యాన్సర్ కణాలు నూటికి ఒకటి ఉంటే ఎక్కువ. మిగతావన్నీ మంచి కణాలే. శత్రువును చంపడానికి మన ఒంట్లోంచి వచ్చిన సైన్యం. వచ్చి చంపదు. చుట్టూ నిలబడి కాపలా కాస్తుంది. తిండి పెడుతుంది. చెత్తను తిని శుభ్రం చేయాల్సిన కణాలు కూడా ఆ ఒక్కదానికి దాసోహం అంటాయి."

"ఎందుకని?"

"అది ఏవో సంకేతాలు పంపుతుంది. వీటికి అవి బాగుంటాయి. అంతే." ఆమె భుజాలు ఎగరేసింది. "ఆ ఒక్కదాన్నే విడదీసి గాజు పళ్ళెంలో పెట్టండి, బతకదు. పరిసరం కావాలి. మొక్కను పెకిలిస్తే మట్టితో సహా పెకిలించాలి. ఒక్క చుక్క మందు తగిలినా ఆ మట్టి పాడవుతుంది. మామూలు స్టెరాయిడ్ బిళ్ళ చాలు, కథ కంచికే."

"మన కథ సంగతి?"

ఆమె గొంతు తగ్గించింది. "ట్యాబ్లెట్లే. శుక్రవారం పొద్దున్న నాగపూర్ రోడ్డులో లారీ వెళుతుంది. మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర మాటు వేయండి. దానికి రెండు వారాల ముందు ఒక ట్రయల్ లోడు కూడా ఉంది."

ట్రయల్ లోడు కోసం భానుతేజ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ వేషంలో, టై కట్టుకుని చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలబడ్డాడు. లారీ రానే వచ్చింది. అట్టపెట్టెలు చించారు. ఊరూ పేరూ ఉన్న కంపెనీ, బిల్లులు పక్కాగా ఉన్న విటమిన్ ట్యాబ్లెట్లు. డ్రైవర్ పాపం బెదిరిపోయి ఒక స్ట్రిప్ ఇవ్వబోయాడు. "తీసుకోండి సార్, ఒంటికి మంచిది." చెక్‌పోస్టు ఎస్సై ఆ స్ట్రిప్ జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఎందుకో భానుతేజ బైకును సూరారం వైపు తిప్పాడు. ఫోన్‌లో ఆగిపోయిన 'మా' అన్న ముక్క అతన్ని పొడుస్తూనే ఉంది.

దేవేందర్‌ది రేకుల ఇల్లు. అక్క సాలమ్మ, ఆమె కూతురు పూజ, ముగ్గురూ అందులోనే ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు. భానుతేజ తాను దేవేందర్ దోస్తునని చెప్పుకున్నాడు. సాలమ్మ నమ్మింది. చాయ్ పెట్టింది.

పూజకు ఇరవై ఏళ్ళు ఉంటాయి. సీసా మూతల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంత ఉక్కలోనూ మెడ చుట్టూ చున్నీ.

"జరమా?" అన్నాడు.

"పొద్దుగూకితె జరమే సారూ," అంది సాలమ్మ. "రాత్రి మొత్తం పక్కబట్టలు తడిసిపోతయి. ఆరు నెలలాయె. క్యాంపు మేడమ్ దేవతోలె దొరికింది. పుక్కట్ల, పైసలు దీస్కోకుంట సూత్తాంది. గోలీలు ఇచ్చింది, ఏసుకుంటనే ఉంది. మరి బిళ్ళలు తగ్గుతలేవాయె."

భానుతేజ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమన్నావమ్మా? బిళ్ళలు తగ్గడమేంటి? వేసుకుంటే తగ్గాలి కదా?"

సాలమ్మ అతన్ని వింతగా చూసింది. "ఏసుకునేటియి గోలీలు సారూ. బిళ్ళలు గివి." కూతురి చున్నీ పక్కకు లాగింది. మెడకు రెండు వైపులా, చెవి కింద నుంచి భుజం దాకా, గుడ్డంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి. "సంకల గూడ కట్టినయి. లోపట ఛాతిల గూడ ఉన్నయని ఫోటువ దీసి జెప్పిన్రు. అచ్చే నెల మొదటి శుక్రారం ఆపరేషన్ జేసి, పైనయి లోపటియి అన్నీ దీస్తమని మేడమ్ అన్నది."

పైనయే గాదు, లోపటియి గూడ. దేవేందర్ స్పష్టంగానే చెప్పాడు. అతని భాషలో అతను నూటికి నూరుపాళ్ళు స్పష్టంగా చెప్పాడు. టేపును ఇరవైసార్లు తిప్పి తిప్పి విన్న ముగ్గురు మేధావులకు గోలీకీ బిళ్ళకీ తేడా తెలియలేదు. పదేళ్ళు ఈ గల్లీల పక్కనే బతికి చెవులు మూసుకున్న తన మీద భానుతేజకు పరమ రోత పుట్టింది.

పూజ గోలీల సీసా అందుకుని ఒకటి నాలుక మీద వేసుకుని చూశాడు. సుద్ద. పచ్చి సుద్దముక్క.

అప్పుడు మొత్తం అర్థమైంది. పిల్లకు వైద్యం చేయడం లేదు వాళ్ళు. మందు తగలకుండా కాపాడుకుంటున్నారు. గడ్డలు బాగా పెరిగి, చుట్టూ ఉన్న కణాలతో సహా సజీవంగా పండేదాకా ఆరు నెలలు సుద్ద మేపారు. శుక్రవారం కోత. ఛాతీ తెరిచి గుండె పక్కనున్నవి కూడా మట్టితో సహా పెకిలించుకుంటే ఆ పిల్ల టేబుల్ దిగదు. ట్యాబ్లెట్ల కథ అల్లి చెక్‌పోస్టుకు తోలింది ఎవరో కూడా తెలిసిపోయింది.

"దేవేందర్‌కి ఈ సంగతి తెలుసా అమ్మా?"

"వాడు గుడ్లు ఎత్కొచ్చే కోళ్ళఫారంల ఏం జూసిండో ఏమో. వద్దక్కా, పిల్లను పంపకు అన్నడు. పోయి మేడమ్‌నే అడుగుతనన్నడు. గా తెల్లారే..." సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

భానుతేజ బయటికొచ్చి మోరీ పక్కన కక్కుకున్నాడు. చాయ్ మొత్తం పోయింది.

మర్నాడు తనకు తెలిసిన డాక్టరున్నాడని చెప్పి పూజను సిటీలో సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళాడు. అక్కడి క్యాన్సర్ డాక్టర్ గౌరయ్య ముందు మెడలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"హాడ్జ్‌కిన్. క్యాన్సర్లలో ఇది నయమయ్యే జాతి. ఆర్నెల్ల కింద తెచ్చి ఉంటె ఇంకా సులువయ్యేది. ఇప్పుడు గూడ మించిపోలే. ఇయ్యాల్నే స్టెరాయిడ్ మొదలువెడుత. పది రోజులల్ల, శుక్రవారంనాడు బెడ్డు ఖాళీ అయితది, అడ్మిట్ చెయ్యి. ఇంకో నెల ఆలస్యమైతె నేనేం జెప్పలేను."

పూజ గౌరయ్య ఇచ్చిన గోలీలు వేసుకోవడం మొదలుపెట్టింది. ఆకలవుతోందని అన్నం రెండోసారి అడిగింది. సాలమ్మ సంతోషపడి, క్యాంపు మేడమ్ చేతి చలవే అనుకుంది. భానుతేజ దిద్దలేదు. కవర్ పోకూడదు కదా. ఏజెంట్ తానెవరో చెప్పకూడదు. రూలు రూలే.

సుచిత్రలో శేషారత్నం అంతా విన్నది. ఢిల్లీకి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి భానుతేజ వైపు తిరిగింది.

"పెట్టె బేగంపేట ఎయిర్‌పోర్టుకు చేరేదాకా ఎవర్నీ ముట్టుకోవద్దన్నారు. కస్టమ్స్ గేటు దాటుతుండగా సరుకుతో సహా పట్టుకోవాలి. లేకపోతే వాళ్ళ ఎంబసీ గోల చేస్తుందట."

"ఆ పెట్టెలో ఏముంటుందో ఢిల్లీకి చెప్పారా మేడమ్?"

"చెప్పాను."

"ఆ పిల్ల?"

"'అన్‌ఫార్చునేట్' అన్నారు."

 వెంకటేశ్వరరావు తన డబ్బాలో దూది సర్దుకుంటున్నాడు. నూటికి ఒక్కడు దుర్మార్గుడు, చుట్టూ తొంభై తొమ్మిది మంది మంచివాళ్ళు, అందరూ ఎవరి డ్యూటీలో వాళ్ళు. భానుతేజకు శ్రీలేఖ చెప్పిన గడ్డ గుర్తొచ్చింది.

"నాకు శుక్రవారం సెలవు కావాలి," అన్నాడు.

"ఇవ్వను," అంది శేషారత్నం. తర్వాత డ్రాయర్ తెరిచి, పిస్తోలు తీసి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగింది. "బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తాను. ఇక్కడేమైనా పోతే నాకు తెలియదు."

శుక్రవారం పొద్దున్నే పూజను దవాఖానాకు తీసుకెళ్దామని అతను ఆటో మాట్లాడుకుని సూరారం వెళ్ళేసరికి ఇంటికి తాళం. పక్కింటి ఈదమ్మ వాకిలి ఊడుస్తోంది.

"మేడమ్ తెల్ల కారేసుకొచ్చి తల్లిబిడ్డల తోల్కపోయింది. కోళ్ళఫారం దిక్కు, దవాఖాన అటే ఉందంట. గా దోస్తునని చెప్పుకునేటోడు ఎవడో దొంగోడు, వాని మాట ఇనద్దని గూడ జెప్పింది." చీపురు ఆపి అతన్ని పరీక్షగా చూసింది. "నువ్వేనా?"

భానుతేజ ఆటో ఎక్కేశాడు. నిజం ఒక్క ముక్క చెప్పి ఉంటే సాలమ్మ కదిలేది కాదు. రూలు రూలే అనుకున్నందుకు తనను తానే తన్నుకోవాలనిపించింది.

షామీర్‌పేట అవతల ద్రాక్షతోటల మధ్య, ఆర్బెక్ వాళ్ళ పేరు మీద ఉంది దేవేందర్ గుడ్లు ఎత్తుకునే ఆ ఫారం. గేటు దగ్గర తుపాకులున్నాయి. లోపలికి అడ్డులేకుండా పోయేది ఒక్కటే, కోళ్ళ పెంట ఎత్తుకెళ్ళే ట్రాక్టర్. తోట రైతు కుర్మయ్య ట్రాక్టర్‌ను భానుతేజ పోలీసు కార్డు చూపించి అడిగాడు.

"తీస్కపోండ్రి సారూ. ఆ ఫారం అద్దాల రూము కాడికి మమ్ములను రానియ్యరు. మొన్న ఆడ కుక్కలు ఏందో గుంజుకొచ్చినయి. నేను మళ్ళ ఆ దిక్కు సూడలే," అన్నాడు కుర్మయ్య, ఉమ్మేసి.

తలకు తువ్వాలు చుట్టుకుని, ఒంటికి పెంట పూసుకుని భానుతేజ గేటు దాటాడు. కాపలావాడు ముక్కు మూసుకుని పొమ్మని చెయ్యి ఊపాడు. వెంకటేశ్వరరావు ఇచ్చిన స్పై కళ్ళద్దాలు అమ్మోనియా ఘాటుకు మసకబారి, రెండు సార్లు పీప్ అని చచ్చిపోయాయి. వేలాది కోళ్ళు బోనుల్లోంచి అరుస్తున్నాయి. కళ్ళు మండుతున్నాయి. షెడ్ల చివర ఏసీ గది, దాని ముందు బెంచీ, బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని సాలమ్మ.

అతను వెనక కిటికీ వైపు చేరాడు. చేరగానే వీపుకు తుపాకి గొట్టం తగిలింది. నడుము దగ్గరున్న పిస్తోలు ఎవరో లాగేసుకున్నారు. మరు నిమిషంలో అతన్ని గదిలోకి నెట్టి, ఆ కాపలావాడు తిరిగి గేటుకు పోయాడు.

తెల్లటి లైట్లు. టేబుల్ మీద పూజ. చేతికి సెలైన్ సూది. ఇంకా మత్తు ఎక్కలేదు, కళ్ళు బెదురుగా తిరుగుతున్నాయి. కత్తులు సర్దుకుంటున్న ఒక సర్జన్. మూలన పొగలు కక్కుతున్న లిక్విడ్ నైట్రోజన్ డ్రమ్ము. తెల్ల సూటులో హాల్‌బెక్. చేతిలో చిన్న స్టీలు పెట్టె. పక్కనే శ్రీలేఖ.

"భానుగారూ, ఇంత కంపు కొడుతూ ఎప్పుడూ రాలేదు మీరు," అందామె, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని.

"నువ్వు రోజూ కొడుతున్నావు. సెంటు పూసుకోవడం వల్ల నీకు తెలియడం లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఈ పరిశోధన రేపు లక్షల మందిని బతికిస్తుంది. ఒక్క బస్తీ పిల్ల. ఎలాగూ చచ్చిపోయేదే."

"నయమయ్యే జబ్బు. నీకు తెలుసు. ఆర్నెల్లు సుద్ద తినిపించావు. దేవేందర్ నమ్మి నీ దగ్గరికే వచ్చి అడిగాడు. లారీని పంపావు."

పూజ టేబుల్ మీద నుంచి మెడ తిప్పి శ్రీలేఖను చూసింది. "మామను నువ్వే సంపించినవా మేడమ్?" ఆ గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. శ్రీలేఖ చూపు తిప్పుకుంది.

హాల్‌బెక్ వాచీ చూసుకున్నాడు. ఫ్లైటుకు టైమవుతోందని ఇంగ్లీషులో అన్నాడు. సర్జన్ సిరంజి అందుకున్నాడు.

"కోసుకో," అన్నాడు భానుతేజ ఇంగ్లీషులోనే. "కాకపోతే నీ సరుకు పాడైపోయింది దొరా. వారం దాటింది, ఆమె స్టెరాయిడ్ మీద ఉంది. పొద్దున పూటది కూడా పడింది. నమ్మకపోతే మీ డాక్టరమ్మను చేయి పెట్టి చూడమను."

సర్జన్ సిరంజి దించాడు. శ్రీలేఖ రెండంగల్లో టేబుల్ దగ్గరికి వెళ్ళి పూజ మెడ తడిమింది. ఒక పక్క. ఇంకో పక్క. చంకలో. నెల కింద గుడ్డంత ఉన్నది ఇప్పుడు రేగుపండంత కూడా లేదు. ఆమె రంగు మారిపోయింది.

"కరిగిపోతున్నాయి," అంది, హాల్‌బెక్ వైపు తిరిగి.

హాల్‌బెక్ పూజ వైపు చూసిన చూపు భానుతేజ జన్మలో మరచిపోలేదు. చెడిపోయిన పాల ప్యాకెట్‌ను చూసే చూపు అది. "గార్బేజ్," అన్నాడు. "ఇద్దర్నీ క్లియర్ చెయ్."

శ్రీలేఖ కోటు జేబులోంచి బుల్లి పిస్తోలు వచ్చింది. భానుతేజ గుండెకు గురిపెట్టింది. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

పూజ చేతికున్న సూది పీకేసి, సెలైన్ స్టాండును కాలితో తన్నింది. స్టాండు శ్రీలేఖ మోచేతి మీద పడింది. తూటా ఏసీలోకి దూసుకుపోయింది. అదే క్షణంలో భానుతేజ నైట్రోజన్ డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. తెల్లటి పొగ నేల మీద నుంచి నడుము దాకా లేచింది. సర్జన్ బూతులు తిడుతూ టేబుల్ కిందికి దూరాడు. భానుతేజ ఊపిరి బిగబట్టి, పూజను ఎత్తి భుజాన వేసుకుని తలుపు తన్నుకుని బయటపడ్డాడు.

ఠంగ్‌మని టిఫిన్ డబ్బా అతని నెత్తి మీద పడింది.

"నా బిడ్డను ఏడికి ఎత్కపోతున్నవ్ రా, దొంగ ముం..." సాలమ్మ రెండో దెబ్బకు చెయ్యి ఎత్తింది.

"అమ్మా, ఈ సారు గాదు! గా మేడమే! మామను సంపింది గామెనే!"

సాలమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. పొగలోంచి దగ్గుతూ శ్రీలేఖ బయటికొచ్చింది. ఆ డబ్బా ఆగలేదు. ఈసారి సరైన తలకు తగిలింది. పిస్తోలు జారింది. శ్రీలేఖ హైహీల్స్ మీద తూలుకుంటూ షెడ్ల వెనక్కి పరుగెత్తింది. అక్కడ పెంట గుంత ఉంది. పైన ఎండి చెక్కు కట్టి నేలలాగే కనబడుతుంది. నడుము దాకా దిగిపోయింది. పెంట ఎత్తే కూలీలు పారలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఆమె చెయ్యి చాచింది. ఎవరూ అందుకోలేదు. భానుతేజ ఫోన్ చేస్తే పోలీసులొచ్చి తాడు వేసేదాకా ఆమె అక్కడే ఉంది. తాడు పట్టుకున్న కానిస్టేబుల్ కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

హాల్‌బెక్ ఆ పొగలోనే తుపాకులవాళ్ళను వెంటేసుకుని కారెక్కి, స్టీలు పెట్టెతో సహా బేగంపేట చేరాడు. కస్టమ్స్ గేటు దగ్గర శేషారత్నం ఆర్డర్ ప్రకారమే నిలబడి ఉంది. పెట్టె తెరిపించింది. ఐసుగడ్డలు తప్ప ఏమీ లేవు. ఆయన ఎంబసీకి ఫోన్ చేస్తానని చిరునవ్వు నవ్వాడు. సరిగ్గా అప్పుడే షామీర్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. పెంట గుంతలోంచి బయటకు తీస్తామంటే చాలు, దేవేందర్ హత్య సంగతి మొత్తం చెబుతానని శ్రీలేఖ ఒప్పుకుంది. శేషారత్నం హాల్‌బెక్ చేతులకు బేడీలు తనే వేసింది. సరుకు ఎందుకు దొరకలేదని ఢిల్లీ ఇప్పటికీ కోపంగానే ఉంది.

పూజకు సర్కారు దవాఖానాలో మందు ఎక్కుతోంది. జుట్టు ఊడిపోయింది. మంచం పక్కన కిటికీలోంచి ఎండ పడుతుంటే బోడిగుండు నిమురుకుంటూ కూర్చుని, ఫ్యాక్టరీలో తన మిషన్ మీద ఎవర్ని పెట్టారో అని బెంగపడుతోంది. గడ్డలు చేతికి అందడం లేదని గౌరయ్య డాక్టర్ చెప్పాడు. ఇంకా చాలా దూరం ఉంది కానీ దారి మంచిదేనన్నాడు.

భానుతేజ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. ఇక దాచడం అనవసరమనిపించింది. తానెవరో, దేవేందర్ ఎవరి కోసం పనిచేశాడో, హాల్‌బెక్ మీద ప్రభుత్వం ఎన్నేళ్ళుగా నిఘా పెట్టిందో, మొత్తం సాలమ్మకు చెప్పాడు. ఆమె బత్తాయి వలుస్తూ ఓపిగ్గా విన్నది. ఒక తొన కూతురి నోట్లో పెట్టింది.

"అంటె గీ సంగతులన్నీ సర్కారుకు ముందుగాల్నే ఎరుక."

"కొంత తెలుసమ్మా."

"మరి నా తమ్ముడు సచ్చేదాంక, నా బిడ్డ గిట్లయ్యేదాంక, మీరందరు ఏడ సచ్చిన్రు సారూ?"

ఎన్ని చిత్రహింసలు పెట్టినా నోరు విప్పకుండా ఉండేలా భానుతేజకు ఆర్నెల్లు ట్రైనింగ్ ఇచ్చారు. ఆ రోజు మాత్రం ట్రైనింగ్‌తో పని పడలేదు.